మూడో వరుసలో నీ సీటు

అన్నయ్యా,

ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి రాస్తున్నాను. ఇప్పటికే రెండు కాగితాలు చించేశాను. వాటిలో రావద్దని రాశాను.

శనివారం నీ మేనల్లుడు క్లేటన్ వాళ్ళ కాలేజీ బేస్‌బాల్ జట్టు ఫైనల్ ఆడుతోంది. మార్చి చలిలో మొదటి ఆట రోజు నువ్వు అంపైర్ని నానా మాటలూ అన్నావు. సిగ్గుతో తల ఎత్తుకోలేక, ఇంకెప్పుడూ రావద్దన్నాను. ఆ రోజు ఓడిపోయారు. నువ్వు రావడం మానేశాక ఒక్క ఆటా ఓడలేదు.

గెలుస్తున్నంతకాలం ఏదీ మార్చకూడదన్న పట్టింపు నీకు తెలియనిదా? కుర్రాళ్ళు గడ్డాలు గీసుకోవడం లేదు, మేజోళ్ళు ఉతకనివ్వడం లేదు. మూడో వరుసలో, నా పక్కన, నీ సీటు ఖాళీగానే ఉంది. జట్టులో క్యాచర్‌గా ఆడే కుర్రాడి అమ్మ డార్లీన్ అందులో ఎవర్నీ కూర్చోనివ్వదు. "మీ అన్నయ్యని మాత్రం పిలవకు తల్లీ, నీకు దండం పెడతాను!" అంటుంది.

బంతి విసిరే ముందు ప్రతిసారీ క్లేటన్ టోపీ సర్దుకుని ఆ సీటుకేసి చూస్తాడు. అది వాడి సెంటిమెంటని జనం చప్పట్లు కొడతారు. నిన్న నేనూ వాణ్ణి ఆటపట్టించాను.

"ఖాళీ సీటులో ఏముందిరా, అంతలా చూస్తావు?"

"మామయ్య వచ్చాడేమోనని."

అప్పట్నుంచీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. శనివారం రా అన్నయ్యా. ఓడిపోతే డార్లీన్ చేత తిట్లు నేను తింటాను. అంపైర్ని మాత్రం ఏమీ అనకు.

కాదులే, నోరారా తిట్టు. క్లేటన్‌కి నీ గొంతు వినపడాలి.

నీ చెల్లి