సుక్మా దారిలో వేడెక్కిన జీపు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పాత డీజిల్ జీపు ఇప్పుడు నేనే నడుపుతున్నాను.

మొన్న పక్కింటి సమ్మక్కకు పురిటినొప్పులొస్తే కొంటా నుంచి సుక్మా ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో ఇంజన్ వేడెక్కి ఆవిరి కక్కింది. బెల్టు బిగువుగానే ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఇంజన్ చెయ్యి కాలేంత వేడిగా ఉంటే రేడియేటర్ గొట్టం చల్లగా ఉంది. నువ్వెప్పుడో చెప్పినట్టే, రేడియేటర్‌లోకి నీళ్లు వదిలే వాల్వు మూసుకుపోయింది. అది విప్పాలంటే ఇంజన్ చల్లారాలి.

"ఇంకెంతసేపు చెల్లె?"

"అయిపాయె అక్కా."

ఇంజన్ చల్లారేదాకా ఆగి, వాల్వు తీసేసి, నీళ్లు పోసుకుని ఆసుపత్రికి చేరాం. సమ్మక్క బతికింది, బిడ్డ దక్కలేదు.

ఇవాళ ఆమెను ఇంటికి తెచ్చాను. దారంతా బండి ఎక్కడా ఆగలేదు. ఒక్కచోటైనా ఆగితే, దిగి ఏడ్చేదాన్ని నాన్నా.