పదమూడో గౌను

కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కిన మా అక్కకి,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం కూర్చుని చదువు. కట్టు విప్పేదాకా కూర్చోక నువ్వు చేసేదేముందిలే. ఫోను చెయ్యకుండా ఎందుకు రాస్తున్నానంటే, ఫోనులో నువ్వు ఏడుస్తావు, నిన్ను ఓదార్చే పని మళ్ళీ నా నెత్తిన పడుతుంది. కాగితం మీదైతే ఆగకుండా చెప్పేయొచ్చు. చెప్పేస్తున్నాను. నా కడుపులో బిడ్డ బతకదు.

మూడు వారాల కిందట స్కానింగుకి వెళ్ళాను. అప్పటిదాకా ఇదిగో చెయ్యి, ఇదిగో కాలు అని చూపిస్తున్న డాక్టరమ్మ ఉన్నట్టుండి తెర తనవైపు తిప్పుకుంది. పక్క గదిలోంచి ఇంకో డాక్టరుని పిలిచింది. ఇద్దరూ చాలాసేపు చూశారు. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గుండె, ఊపిరితిత్తులు సరిగ్గా ఏర్పడలేదని చెప్పారు. "నీ కడుపులో ఉన్నన్నాళ్ళూ దానికే ఇబ్బందీ లేదమ్మా, నీ ఊపిరితోనే గడిచిపోతుంది. బయటికొచ్చాక గంట, మహా అయితే రెండు గంటలు" అంది. ఆపరేషను లేదా అని అడిగాను. "ఉంటే నేనే చెప్పనా తల్లీ" అంది. ఏడో నెల దాటింది కాబట్టి ఇంక మోయడమే. సరేనని చెప్పులేసుకుని, బస్సెక్కి, షాపుకెళ్ళి, సాయంత్రం దాకా స్కూలు లాగులకి జేబులు కుట్టాను. ఎలా కుట్టానో నన్నడక్కు. ఒక్క జేబు కూడా వంకర పోలేదు.

మా షాపుకి ఆసుపత్రి నుంచి వచ్చే చిన్న ఆర్డరు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చెబితే నన్ను ఆ పని మాన్పించేదానివి. పుట్టి బతకని పిల్లలకి, కడుపులోనే పోయిన పిల్లలకి గౌన్లు. అంత చిన్నవి బజార్లో దొరకవు కదా. రెండు మూడు నెలలకోసారి పెద్ద నర్సు వచ్చి డజను చెప్పి వెళుతుంది. సైజులు నెలల్లెక్కన ఉండవు, బరువు లెక్కన ఉంటాయి. అరకిలో, కిలో, కిలోన్నర, రెండు. వీపంతా తెరిచి ఉంటుంది, గుండీలుండవు. ముందునుంచి బిడ్డ మీద కప్పి, వదులు చేతుల్లోకి చేతులు జార్చి, వెనక మూడు చోట్ల నాడాలు కట్టేస్తారు. ముందువైపు మాత్రం మాకు చేతనైనన్ని పువ్వులు కుడతాం, తల్లి చూసేది ఆ వైపే కాబట్టి. ఎనిమిదేళ్ళుగా అవి కుట్టేది నేనే. అందులో ఆరేళ్ళు కోత నీ మరిదిది. నాకు నెల తప్పాక ఆయన టార్పాలిన్ ఫ్యాక్టరీకి వెళ్ళాడు కదా, అప్పట్నుంచి షాపు మాస్టరే కోస్తున్నాడు.

రెండు వారాల కిందట నర్సు వచ్చింది. మాస్టరు నావైపు చూసి, ఆ తెల్ల గుడ్డ గబగబా బల్లకింద దాచాడు. పాపం పెద్దాయనకి దాచడం కూడా చేతకాదు, సగం బయటే వేలాడుతోంది.

"ఈసారి బయట కుట్టిస్తాలేమ్మా. కడుపుతో ఉన్నదానివి, నీకెందుకిది?" అన్నాడు.

"బయటవాళ్ళు నాడాలు గట్టిగా కుట్టరు. ఇటివ్వండి" అన్నాను.

పన్నెండు కుట్టాను. మిగిలిన గుడ్డలో పదమూడోది నాకు కుట్టుకున్నాను. రెండు కిలోల సైజు. మాస్టరు దొంతర చూసుకుని, "ఒకటి ఎక్కువొచ్చిందేంటమ్మా?" అన్నాడు. "ఉండనివ్వండి, పనికొస్తుంది" అని సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ మరిదికి నేనీ మాట చెప్పలేదు, చెప్పను కూడా. ఆ టార్పాలిన్ ఫ్యాక్టరీలో, రూములో ఉన్న నలుగురి చెవులూ తినేస్తున్నాట్ట, బిడ్డ కబుర్లతో. ఉయ్యాల కొక్కేలు ఎంత ఎత్తులో కొట్టాలో కొలిచి పంపమన్నాడు. కాన్పు నెలకి సెలవు రాసిచ్చారట. ఇక్కడ పని చేసినన్నాళ్ళూ చిన్న ఆర్డరు కోసిన రోజున ఆ మనిషి భోజనం ముట్టేవాడు కాదు, నేను ఏదో వంకన నవ్వించబోతే విసుక్కునేవాడు. అలాంటివాడికి ఈ మాట చెవిన వేసి అంత దూరంలో ఒక్కణ్ణీ వదిలేయనా? ఎలాగూ తెలుస్తుంది. ఇంకా ఏడు వారాలుంది. ఆ ఏడు వారాలూ ఆయన్ని సంతోషంగా ఉండనిస్తాను. పెద్దదాన్ని కదా అని నువ్వు నా మనసు మార్చబోకు.

వారానికో ఉత్తరం రాస్తున్నాను. అబద్ధాలు రాయడం కష్టమనుకున్నాను గాని, సగం నిజం కలిపితే చెయ్యి దానంతటదే నడుస్తోంది. బిడ్డ తన్నుతోందని రాశాను, అది నిజమే కదా. గౌను కుట్టానని, తెల్ల మెత్తటి గుడ్డ మీద పసుపు పువ్వులు, వెనక నాడాలు, ఎంత ముద్దుగా వచ్చిందో అంతా వర్ణించి రాశాను. మురిసిపోతూ జవాబు రాశాడు. అది చదివి నిజంగానే నవ్వాను. ఆయన నీకు రాస్తే నువ్వు మాత్రం నోరు జారకు. ఏడుపొస్తే పక్కనే బావ ఉన్నాడుగా, ఆయన భుజం తడుపు.

ఇంకొక్క మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. బిడ్డ తన్నినప్పుడల్లా కడుపు మీంచి చెయ్యి తీసేస్తున్నానక్కా. దానితో పరిచయం పెంచుకోవాలంటే నాకు భయంగా ఉంది.

నీ పుల్ల

*

నా కుట్టుమిషనుకి,

నోరు మూతపడదని నీకు ఆ పేరు పెట్టాను. ఇన్ని వారాలు నోరు మూసుకుని ఎలా ఉన్నావు?

నాకు తెలిసిపోయింది. గౌను సంగతి రాసిన ఉత్తరం రాగానే రూములో అందరికీ పైకి చదివి వినిపించాను. పువ్వుల దగ్గర అందరూ బాగుంది బాగుంది అన్నారు. వాళ్ళు డ్యూటీకి వెళ్ళాక ఒక్కణ్ణే మళ్ళీ చదువుకున్నాను. వెనక నాడాలు, మూడు చోట్ల, అని రాశావు. అక్కడ ఆగిపోయాను. పసిబిడ్డ రోజంతా వెల్లకిలా పడుకుని ఉంటుంది. వీపు కింద మూడు ముళ్ళుంటే గుచ్చుకుని ఏడుస్తుంది. బతికే బిడ్డకి నువ్వు అలా కుట్టవు. కొత్తగా మిషనెక్కిన పిల్ల కూడా కుట్టదు. నీ చెయ్యి ఏం రాస్తోందో నువ్వు చూసుకోలేదు. ఆ గౌను నేను ఆరేళ్ళు కోశాను, అది ఏ బిడ్డలకో నాకు తెలియదా?

అయినా పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. మధ్యాహ్నం ఆఫీసు ఫోను బతిమాలి తీసుకుని మాస్టరుకి చేశాను. నీకు ఏమీ చెప్పొద్దని ముందే మాట తీసుకున్నాను. ఈసారి చిన్న ఆర్డరు ఎన్ని అని అడిగాను. "పన్నెండేరా, మీ ఆవిడ పరధ్యానంలో పదమూడు కుట్టింది, ఆ ఒక్కటీ ఇంటికి పట్టుకెళ్ళింది" అన్నాడు. ఆయనకింకేమీ తెలియదు. నాకు అది చాలు.

ఆ సాయంత్రమే నీకు జవాబు రాశాను. మురిసిపోయానని, పువ్వులు ఇంకో రెండు కుట్టమని రాశాను. అదంతా అబద్ధం. నేను సంతోషంగా ఉన్నానన్న నమ్మకం మీదే నువ్వు నిలబడి ఉన్నావనిపించింది, దాన్ని లాగేస్తే పడిపోతావనుకున్నాను. అలా రెండు వారాలు నటించాను. నిన్న మిషను దగ్గర టార్పాలిన్ కోస్తూ లెక్క వేసుకున్నాను. డాక్టరు ఏం చెప్పారో నాకు తెలియదు గాని, నువ్వు తన్నుతోందని రాశావంటే ఇప్పటికి బతికే ఉంది. బిడ్డ బతికున్న రోజుల్లో నువ్వక్కడ నాకోసం, నేనిక్కడ నీకోసం వేషాలు వేసుకుంటూ కూర్చున్నాం. దాని సంగతి ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

నీ మీద నాకు కోపంగా ఉంది. దాచుకోను. నేను తట్టుకోలేనని నువ్వు తీర్పు ఇచ్చేశావు. అలా అనుకోవడానికి నేనే కారణం, అదీ ఒప్పుకుంటాను. జీతం ఎక్కువని ఇక్కడికి వచ్చానని చెప్పాను గాని, నిజం అది కాదు. నీకు నెల తప్పాక ఆ అరకిలో సైజు మీద కత్తెర పెట్టలేకపోయాను. ఆ మాట నీతో అనలేక పారిపోయి వచ్చాను. కాబట్టి ముందు దాచింది నేనే.

సెలవు అడిగితే కాన్పు నెలలోనే అన్నారు. ఇంక అడగడం మానేసి సంచి సర్దుకున్నాను. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. చెప్పకుండానే తలుపు కొడదామనుకున్నాను. కానీ నన్ను చూడగానే నువ్వు నవ్వు మొహం పెట్టేస్తావు, అది చూసి భరించడం నా వల్ల కాదు. అందుకే ఈ ఉత్తరం ముందు పంపుతున్నాను. ఇది అందిన మర్నాడో ఆ మర్నాడో నేనుంటాను. తలుపు తీసినప్పుడు నవ్వకు.

నీ కత్తెర

*

అక్కా,

ఏం జరిగిందో బావ ఫోనులో విని నీకు చెప్పే ఉంటాడు. ఎలా జరిగిందో నేను రాస్తాను. కట్టు కాలితోనే బస్సెక్కుతానని గొడవ చేశావట. రెండో కాలు కూడా విరిగితే నిన్ను ఎవరు మోస్తారు? నీ ఒళ్ళు నాకు తెలియదా? కుదిరినప్పుడే రా.

ఆయన వచ్చిన రోజు నేను నవ్వలేదు. తలుపు తీసి పక్కకి తప్పుకున్నాను. ఆయన లోపలికొచ్చి, కారుతున్న కుళాయి బాగుచేసి, నీళ్ళ బిందె నింపి, నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి బిడ్డ తన్నింది. నేను అలవాటు కొద్దీ చెయ్యి తీసేశాను. ఆయన ఆ చోట తన చెయ్యి పెట్టాడు. అప్పుడు ఏడ్చాం ఇద్దరం, సిగ్గు లేకుండా, పక్క వాటాలో వినబడేలా.

మాకు పదకొండు రోజులు దొరికాయి. బిడ్డకి రోజూ ఏవో కబుర్లు చెప్పేవాడు, ఎక్కువ మాస్టరు మీద చాడీలు. మూడో రోజున సంచి అడుగునుంచి చిన్న చొక్కా ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు. తన పాత నీలం చొక్కా కోసి కుట్టాడు. ఆయన కోతలో ఎంత ఘనుడో కుట్టులో అంత సున్నా. కుట్లన్నీ వంకర, ఒక చెయ్యి రెండో దానికన్నా పొడుగు. ముందు తెరిచి, నాలుగు గుండీలు పెట్టాడు. అచ్చంగా ఇంట్లో పెరిగే పిల్లల చొక్కా. అది చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెలిసి తెలిసి ఇది కుట్టారా? నన్ను ఏడిపించడానికా?" అన్నాను.

"పుట్టాక ఎంతసేపు ఉంటుందన్నారు?"

"గంట. రెండు గంటలు."

"మరి ఆ రెండు గంటలూ ఏం వేసుకుంటుందే?"

ఎనిమిదేళ్ళుగా పిల్లలకి కుడుతున్నదాన్ని, నా బిడ్డ ఒంటిమీద ప్రాణం ఉన్నంతసేపు వేసుకోవడానికి ఏమీ కుట్టలేదు. అంతా అయ్యాక కట్టేది మాత్రం పువ్వులతో సహా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆ చొక్కా తీసుకుని వంకర కుట్లు విప్పి మళ్ళీ కుడదామని సూది పట్టాను. ఆయన వద్దన్నాడు. ఆ రోజంతా పోట్లాడుకున్నాం. చివరికి గుండీలు మాత్రం బిగించనిచ్చాడు, ఊడి నోట్లోకి పోతాయేమోనని.

గురువారం పొద్దున పదింటికి పుట్టింది. ఆడపిల్ల. కిలో తొమ్మిది వందలు. ఏడ్చింది, గట్టిగా కాదు గాని ఏడ్చింది. డాక్టరమ్మ చూసి, తెచ్చి నా గుండెల మీద పెట్టింది. ఆయనే చొక్కా తొడిగాడు. ఎడమ చెయ్యి పట్టించాడు గాని, కుడి చెయ్యి మధ్యలో ఇరుక్కుపోయింది. పిల్ల నొసలు ముడిచి కుయ్ మంది.

"చూడవే, ఎలా విసుక్కుంటోందో. అంతా నీ పోలికే" అన్నాడు. నేను నవ్వాను. నన్ను నవ్వొద్దన్న మనిషే నవ్వించాడు.

రెండు గంటల పది నిమిషాలు ఉంది. కళ్ళు ఒకసారి తెరిచింది. నా వేలు పట్టుకుంది. మధ్యలో చొక్కా తడిపేసింది. నర్సు గబగబా వచ్చి మారుస్తానంది, ఆయన ఉండనివ్వమన్నాడు. నేను కుట్టిన గౌన్లలో ఒక్కటీ ఎప్పుడూ అలా తడవలేదు. తర్వాత ఊపిరి మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఏ ఊపిరి ఆఖరిదో మాకు వెంటనే తెలియలేదు, ఇంకోటి వస్తుందని చాలాసేపు చూశాం. ఆ తర్వాత నేను చొక్కా విప్పి గౌను కప్పాను. నాడాలు మూడూ నేనే కట్టాను. నర్సు కడతానంది గాని, నా పని నాకు వచ్చు కదా.

మాస్టరు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ షాపుకి వెళతానో లేదో తెలియదు. నీ మరిది ఇంకా ఫ్యాక్టరీకి ఉత్తరం రాయలేదు. పగలంతా ఇద్దరం ఏదో ఒక పని కల్పించుకుంటున్నాం. మాటకి మాట వస్తే అరుచుకుంటున్నాం కూడా.

ఆ చొక్కా ఆరు రోజులు కాగితం సంచిలోనే ఉంది. ఉతకాలంటే మనసొప్పలేదు, ఉతక్కపోతే వాసన వస్తోంది. ఇవాళ పొద్దున బకెట్లో నీళ్ళు పట్టి ఉతికేశాను. మేడ మీదికి తీసుకెళ్ళి, ఆయన లుంగీకీ నా చీరకీ మధ్య దండెం మీద ఆరేశాను. పక్క మేడలో కొత్తగా దిగినావిడ కూడా బట్టలు ఆరేస్తోంది. నా పొట్టవైపు, ఆ చొక్కావైపు చూసి, "పుట్టేసిందా? బాబా, పాపా?" అంది.

"పాప" అన్నాను.

నీ పుల్ల