నల్లబల్ల మీద మొదటి పేరు

అలెగ్జాండ్రియా

బయూమీ మామయ్యకి, చేతులు ముద్దుపెట్టుకుని షుక్రీ రాయునది.

నేను క్షేమం. రషీద్‌లో మీరంతా క్షేమమని, మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను. వకీలు పని ఎలా సాగుతోందని అడిగారు. మా ఆఫీసు పెద్ద ఇహ్సాన్ బే కొత్త పద్ధతి పెట్టారు. మేము దావా వేసేవాళ్ళ తరఫున వాదిస్తాం కదా, ఎవరి దావాలు నూటికి ఎన్ని కోర్టు కొట్టేసిందో గోడ మీది నల్లబల్ల మీద పేర్లతో సహా రాయిస్తున్నారు. ఎక్కువ ఉన్నవాడి పేరు పైన. ఈ నెల అందరికన్నా పైన నా పేరే ఉంది. అంతకన్నా రాయడానికేమీ లేదు.

మీ మేనల్లుడు షుక్రీ

తా.క. పైన పేరున్నవాణ్ణి నెలాఖరున బే గదిలోకి పిలిచి విడిగా మాట్లాడతారట. అమ్మకి ఇప్పుడే చెప్పకండి.

*

రషీద్

నా కంటి వెలుగు షుక్రీకి,

చెప్పొద్దంటే ఎలారా? చెప్పేశాను. మీ అమ్మ వీధంతా బస్బూసా మిఠాయి పంచింది. కాఫీ కొట్లో నీ ఉత్తరం పైకి చదివించాను. మొదటి పేరు నీదే అన్నచోట డామినోలాట ఆగిపోయింది.

ఊళ్ళో నేను ఇన్నాళ్ళూ చేస్తున్నదేమిటి? కొట్టుకునేవాళ్ళ మధ్య కూచుని, టీ పోయించి, వాళ్ళు కౌగిలించుకునేదాకా కదలకపోవడం. తగువు కోర్టుకెక్కితే ఊరి పరువు పోయినట్టే. ఆ దావా గాలికి పోయిందంటే ఊరు బతికినట్టు. ఆ పుణ్యం నువ్వు పట్నంలో కట్టుకుంటున్నావు. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది?

నా వంతు సాయం చేశాను. నీ దగ్గర దావా వేసిన పడవల సులేమాన్‌కీ వాళ్ళ బావకీ రాజీ చేయించాను. రేపొచ్చి దావా ఎత్తేస్తాడు. నీ లెక్కలో ఇంకొకటి వేసుకో.

ఆశీస్సులతో, మామయ్య

తా.క. కౌగిలించుకునేటప్పుడు బావ వాడి చెవి కొరికాడు. పెద్ద గాయం కాదు, అది కూడా రాజీలోకే వేశాం.

*

అలెగ్జాండ్రియా

పూజ్యులైన మామయ్యకి,

సులేమాన్ వచ్చి వెళ్ళాడు. ఈ వయసులో మీకీ శ్రమ ఎందుకు? అసలే సముద్రపు గాలి. ఇంటిపట్టున ఉండండి. నా కేసుల సంగతి కోర్టు చూసుకుంటుంది. ముఖ్యంగా ఆ నఈమా గారిది, మొగుడు పోయాక మరిది పిండిమర లాక్కున్నాడే, ఆ కేసు జోలికి మాత్రం పోకండి. ఆ ఒక్కటీ అలా ఉండనివ్వండి.

మీ షుక్రీ

తా.క. సులేమాన్ ఫీజు కింద దూడంత చేప తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆనందం పట్టలేక బే ఎదుటే నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు. బే చేపనీ నన్నూ ఒకే చూపు చూశారు.

*

రషీద్

బంగారు తండ్రి షుక్రీకి,

ఇంత వినయం పనికిరాదురా. ఒక్కటి ఉండనివ్వమన్నావంటే తోటివాళ్ళకి కడుపుమంట రాకూడదనే కదా? నాకు తెలియదా నీ మనసు. శుక్రవారం నమాజు కాగానే ఆ మరిదిని పట్టుకుని కూచోబెట్టాను. "ఒరేయ్, అన్న లేని ఇంట్లో పిండి దొంగిలించి ఏం మొహంతో రొట్టె తింటున్నావురా" అన్నాను. తాళాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. నఈమా దావా ఎత్తేస్తోంది.

మీ ఆఫీసుకెక్కిన మన ఊరివాళ్ళు ఇంకెవరున్నారో వాకబు చేసి, వరసపెట్టి టీకి పిలుస్తున్నాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ మేలు కోరే మామయ్య

తా.క. వచ్చేపోయేవాళ్ళకి టీ కాచలేక మీ అత్తయ్య నామీదే దావా వేస్తానంటోంది. వేస్తే నీ దగ్గరే వేయమన్నాను.

*

అలెగ్జాండ్రియా

మామయ్యా,

చేతులు ముద్దుపెట్టుకునే మొహం కూడా లేదు నాకు. ఆ నల్లబల్ల మీద పైన ఉన్నవాడు అందరికన్నా చేతకానివాడు. దావా కొట్టేస్తే మేము ఓడినట్టు. రాజీ పడి ఎత్తేసినవీ ఆ లెక్కలోకే వస్తాయి. నేను వరసగా ఓడుతున్నాను. ఆ మాట మీకు రాయలేక, అబద్ధం కాకుండా చూసుకుని రాశాను. అబద్ధమే నయం, అదైతే ఒక్కసారి సిగ్గుపడితే పోయేది.

నఈమా గారిది నేను గెలిచేలా ఉన్న ఒకే ఒక్క కేసు. అయినా ఏళ్ళ తరబడి తిరిగి నేను ఇప్పించలేని తాళాలు మీరు ఒక్క పూటలో ఇప్పించారు. అది తలుచుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. నెలాఖరుకి నా ఉద్యోగం ఊడుతుంది. అమ్మకి మీరే ఎలాగో చెప్పండి.

షుక్రీ

తా.క. రషీద్‌లో మన కేసులు చంపుతున్నదెవడో తేలుస్తానని బే గురువారం స్వయంగా వస్తున్నారు. ఇంట్లో లేనని చెప్పించండి.

*

రషీద్

ఒరే షుక్రీ,

నీ ఉత్తరం, మీ బే ఒకే పూట వచ్చారు. బే ముందొచ్చాడు. గుమ్మంలోనే "నా కేసులు ఆపడానికి నువ్వెవరివయ్యా" అని అరిచాడు. లోపలికొచ్చి అరవమన్నాను, గుమ్మంలో ఎండ. కూచున్నాడు. నీకెన్ని కేసులు నాయనా అంటే లెక్క చెబుతూ చెబుతూ సొంతది ఒకటి బయటపెట్టాడు. తల్లి ఇంటికోసం సొంత తమ్ముడి మీద వేసిందిట. ఆ తమ్ముడు ఉండేది మన చేపల బజారు వెనకే. కబురు పెట్టాను. వచ్చాడు, ఇద్దరికీ రెండేసి టీలు పోయించాను. చివరికి "అమ్మ పోయినప్పుడు నాకు కబురే చేయలేదేంరా" అని బే భోరున ఏడ్చాడు. దావా ఎత్తేస్తున్నాడు. నిన్ను శనివారం పనిలోకి రమ్మన్నాడు. ఈ వైపు తగువులు ఇకమీదట ముందు నా అరుగుకే పంపుతాడట.

వాళ్ళు వెళ్ళాక నీ ఉత్తరం విప్పాను. చదివి కాఫీ కొట్టుకి వెళ్ళలేకపోయాను. ఊళ్ళో దొంగలు కూడా నా ఎదుట కూచుని తప్పు చెప్పుకుంటారు. నా మేనల్లుడు "ఓడిపోతున్నాను మామయ్యా" అని ఒక్క ముక్క రాయలేకపోయాడంటే నేనేం పెద్దమనిషినిరా? ఇంకోసారి ఓడితే ముందు నాకు రాయి.

మామయ్య

తా.క. బే తన పేరున వేసుకున్నది జీవితంలో ఆ ఒక్క దావాయేనట. అదీ పోయింది కాబట్టి ఆయన లెక్క నూటికి నూరు. శనివారం పొద్దున్నే మీ అందరి ఎదుట నీ పేరు పైన తన పేరు తనే రాసుకుంటానన్నాడు. నువ్వు నవ్వకు.