మొన తీయించిన చాకు

గురువారం, ప్రొద్దుటూరు

నేను రైతుల పాత మడత చాకులు పోగుచేస్తానని విని పెద్దముడియం ఓబులమ్మ పిలిపించింది. ఫ్యాక్షన్ గొడవల్లో ఆమె భర్తను నరికిన రోజు అతని జేబులో దొరికిన చాకు ఇన్నేళ్లకు కోర్టు నుంచి తిరిగొచ్చింది.

"ఇది ఏ కాలందో చెప్పప్పా."

మొన గుండ్రంగా అరగదీసి ఉంది. ఎన్నికల తనిఖీల్లో పోలీసులు లాక్కోకుండా రైతులే కొలిమికి పోయి అలా చేయించుకునేవాళ్లు. ఫ్యాక్షన్ రోజులదని చెప్పాను.

"దీంతో మనిషిని పొడిచేకి అయితాదా?"

"కాదమ్మా."

"సూడకుండా కాలం చెప్తావా?"

"చూడందే చెప్పను."

"మరి ఆపొద్దు సూడకుండా యాల రాసినావు, నా మొగుడు మొనదేలిన కత్తితో పొడవబోయినాడని? నీ పేపరు సూపించే గదా ఆయన్ను నరికినోళ్లు మీసం తిప్పినారు. నా కొడుకును ఇప్పటికీ కత్తోని కొడుకనే పిలుస్తాండారు. ఇప్పుడన్నా నిజం రాయప్పా."

రాస్తానన్నాను. నేను విలేకరిగా పనిచేసిన ఆ పేపరు మూతబడి చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇంటికొచ్చి పాత కటింగులు, నోట్‌బుక్ తీశాను. ఆ రోజు పోలీసులు ఫోనులో చెప్పింది నోట్‌బుక్‌లో ఉంది: పొడవబోయాడు, జేబులో కత్తి దొరికింది. అంతే.

'మొనదేలిన' అన్న మాట నేను చేర్చింది.