ఆఖరి వీధి మెట్లు

అక్కా,

మీ వీధి మెట్లకు నిన్న ఇనుప కమ్మీ బిగించారు. దాంతో నా వార్డులో పదకొండు వీధులూ పూర్తయ్యాయి.

మీ వీధిని ఆఖర్న పెట్టింది నేనే. ముందు పెడితే సొంత అక్కకు చేసుకున్నాడని నలుగురూ అంటారని భయపడ్డాను. ఆఖర్న పెడితే "కౌన్సిలరంటే ఇలా ఉండాలి" అన్నారు. పొంగిపోయాను. బావ మాత్రం, "నీకు పరాయివాడినైనా బాగుండేదిరా, ఈపాటికి కమ్మీ వచ్చేది" అని నవ్వాడు. ఆ వారమే తడి మెట్ల మీద జారిపడి మనకు లేకుండా పోయాడు.

రేపటి సభలో ప్రగతి నివేదిక చదవాలి. "పదకొండూ పూర్తి" అనగానే చప్పట్లు కొడతారు. అక్కడ నా తప్పు ఒప్పుకునే ధైర్యం లేక నీకు రాస్తున్నాను.

కమ్మీ గట్టిగానే ఉంది, నేనే ఊపి చూశాను. పట్టుకుని దిగు అక్కా.

నీ తమ్ముడు