కాలు కింద పెట్టకుండా ఎనిమిది

పెడన,
13-11-2025, గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి శివపార్వతికి,

మీ నాన్న ఆదిశేషయ్య వెయ్యి ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అమ్మ కుశలం. నువ్వు, అల్లుడు గారు, మనవరాలు ప్రత్యూష కూడా కుశలమేనని నాకు తెలుసు, నిన్ననేగా మీ ఇంటి నుంచి వచ్చాను. అయినా ఉత్తరం అన్నాక క్షేమం అడగకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

నిన్న చూసొచ్చిన కూతురికి ఇవాళ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోనులో నేను రెండు మాటలు అనేసరికి నువ్వు నాన్నా కుక్కరు కూత పెట్టింది అంటావు. నా మాటేమో కుక్కరు ఆగేలోపల అయ్యేది కాదు. అందుకని వచ్చేటప్పుడు ప్రత్యూష నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు అడిగి తెచ్చుకున్నాను. అయిదో తరగతి చదువు నాది. తప్పులుంటే దిద్దుకొని చదువు.

తల్లీ, నువ్వు పాసయ్యావు! నలభై ఆరేళ్ళ వయసులో గేరు బండి లైసెన్సు! స్కూటీ కాదు, గేరు బండి! నిన్న బస్సు దిగిన దగ్గర్నుంచి మన వీధి మలుపు తిరిగేదాకా ఏడుగురికి చెప్పాను. ఎనిమిదో ఆయన మన నేతవాళ్ళ సొసైటీ గుమాస్తా. ఆయనకు మంగళవారం నాడే ఫోను చేసి చెప్పానట, పాపం మళ్ళీ మొదటినుంచీ విన్నాడు. టీ కొట్టు దానమ్మ అయితే, ఇంతకీ బాబాయ్ గారూ, అమ్మాయికి లైసెన్సు వచ్చిందా, కలెక్టరు ఉద్యోగం వచ్చిందా, అని అడిగింది. నాకు రెండూ ఒకటేనే అన్నాను. టీలో పంచదార ఎక్కువ వేసి ఇచ్చింది.

ఆ చేనేత కంపెనీ వాళ్ళు నిన్ను పిలిచి ఉద్యోగం ఇస్తామన్నారని నువ్వు చెప్పిన రోజు నాకు ఇంకా గుర్తే. ఊరూరా తిరిగి మగ్గాల మీద బట్ట చూడాలి, నూలు ఇచ్చి రావాలి, నేసిన చీరలు తేవాలి. బస్సులు పోని ఊళ్ళు. కంపెనీ ఇచ్చేది పాత గేరు బండి. లైసెన్సు నువ్వు తెచ్చుకోవాలి. ఇదంతా చెప్పి, నాకెందుకులే నాన్నా ఈ వయసులో, అన్నావు. కానీ నీ గొంతు అలా అనలేదమ్మా. నీ గొంతు అప్పుడే బండెక్కి కూర్చుంది.

ఇలాంటి ఉద్యోగమే నీకు ఇరవై ఒకటో ఏట వచ్చింది. అప్పుడు మోపెడ్. నీ జాతకంలో వాహన గండం ఉందని బందరు సిద్ధాంతి గారు చెప్పారని నేను వద్దన్నాను. నువ్వు మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నావు. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు, మంచి మాటలు రాసుకుందాం.

మీ పక్కింటి రూతుకు నా తరఫున చేతులెత్తి దణ్ణం పెట్టు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసి వచ్చి, తెల్లబట్టలు మార్చుకోకుండానే తన బండి మీద నీకు నేర్పిందే, అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది! ఏం నోరు తల్లీ దానిది! నువ్వు క్లచ్చు ఒక్కసారిగా వదిలేసి బండి ఎగిరి ఆగినప్పుడల్లా, పార్వతక్కా, అది బండి, అల్లరి చేసే దూడ కాదు, ముక్కుతాడు మెల్లగా వదులు, అనేది. మొదటిరోజు బండి పదమూడుసార్లు ఆగింది. నేను గోడ మీద కూర్చుని చూస్తూ ఉండలేకపోయాను.

అప్పుడు నేను అన్న మాట నీకు గుర్తుందా? కాలు వంక ఎందుకు చూస్తావే, మగ్గం గుంటలో నీ కాళ్ళు నీకెప్పుడైనా కనపడ్డాయా, అన్నాను. పాదం తొక్కితే పడుగు పోగులు తెరుచుకుంటాయి, చెయ్యి లాగితే వాటి మధ్య నాడె పరిగెడుతుంది, కళ్ళు మాత్రం బట్ట మీదే ఉంటాయి. ఇదీ అంతే, నీ బట్ట రోడ్డు, అన్నాను. నువ్వు తలెత్తావు. ఎడమ చెయ్యి, ఎడమ పాదం వాటి పని అవి చేసుకున్నాయి. బండి నీళ్ళలో పడవలాగా కదిలింది. రూతు నోరు తెరిచి, తాతగారూ, మీరు ముందే చెప్పాల్సింది, నా పెట్రోలు మిగిలేది, అంది.

ఇక ఆ ఎనిమిది సంగతి రాయకుండా ఉండలేను. పరీక్షలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె మీద బండి తిప్పాలని రూతు చెప్పి, బండి నీ దగ్గర వదిలి వరస డ్యూటీలకు పోయింది. నేను ఉత్సాహం పట్టలేక ముగ్గుపిండి తెచ్చి, మీ ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఇంత పెద్ద ఎనిమిది గీశాను. రెండు రోజులు దాని మీదే తిరిగావు. కొసకు వచ్చేసరికి, నాన్నా, ఇక్కడ దారి అయిపోయింది, ఎటు పోను, అని ఆగేదానివి. నేనేమో, అదే పరీక్ష, అక్కడే తెలివి చూపించాలి, అని పెద్దరికంగా చెప్పాను. మూడోరోజు ప్రత్యూష కాలేజీ నుంచి వచ్చి చూసి, తాతయ్యా, ఇది తెలుగు ఎనిమిది, వాళ్ళు అడిగేది ఇంగ్లీషు ఎనిమిది, అని కడుపు పట్టుకుని కూలబడింది. నేను చేసేదేముంది? మా తాత నేర్పిన అంకెలు. అరవై ఏళ్ళు చీర మడతల మీద ౮ అని వేసిన చెయ్యి. అటే పోయింది. రూతు వచ్చి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు తెలుగు పండితుడైతే తప్ప పార్వతక్క పాసవదు, అని వీధంతా చాటింది. చీపురుతో నా ఎనిమిది చెరిపేసి, రెండు సున్నాలు అతికించినట్టు కొత్త ఎనిమిది గీసింది. దాని మీద నువ్వు గిరగిరా తిరిగేశావు. దారిలేని ఎనిమిది మీద నేర్చుకున్నదానికి దారి ఉన్న ఎనిమిది ఒక లెక్కా!

మంగళవారం నాడు పరీక్షేమిటని మీ అమ్మ ఫోనులో గొణిగింది. నువ్వు దుర్గమ్మకు దణ్ణం పెట్టి, చీర కుచ్చిళ్ళు మానేసి చుడీదారు వేసుకుని, హెల్మెట్టు పట్టుకుని బయలుదేరావు. గ్రౌండులో అంతా మీసాలు సరిగా రాని పిల్లలే. ఒకడు, ఆంటీ, స్కూటీ లైను అటు, అన్నాడు. తెలుసు బాబూ, అందుకే ఇటు నిలబడ్డాను, అన్నావు చూడు, అక్కడే నాకు సగం పాసయినట్టు అనిపించింది. ఆ మాట అన్నవాడే రెండో వంపులో కాలు దించాడు.

నీ వంతు వచ్చింది. మొదటి సున్నా తిరిగావు. రెండో దానిలోకి పోయేటప్పుడు బండి కొంచెం వాలింది. నీ మడమ కదిలింది, అయినా కాలు దిగలేదు. భుజం ఇటు వంచి, చక్రం అటు తిప్పి, వచ్చి గీత మీద ఆగావు. నేను ఈల వేశాను. డెబ్బై ఆరేళ్ళ ముసలివాణ్ణి, ప్రభుత్వ స్థలంలో ఈల వేశాను! ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని ఇన్‌స్పెక్టరు గారు అడిగితే, మగ్గం మీద సార్ అన్నావు. ఆయనకు అర్థం కాలేదు, నవ్వి సంతకం పెట్టారు.

నేను పంచె ఎగ్గట్టుకుని నీ వెనక ఎక్కబోయాను. నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు. వద్దు నాన్నా, నాకున్న గండం నా వరకే ఉండనీ, దానిలోకి నిన్ను లాగను, అన్నావు. నన్ను ఆటో ఎక్కించి నువ్వు వెనకాల వచ్చావు. నేను దారంతా వెనక్కి తిరిగి కూర్చునే వచ్చాను. సింగ్ నగర్ ఫ్లైఓవరు ఎక్కేచోట బండ్లన్నీ ఆగాయి, ఏటవాలులో నువ్వు ఎలా కదులుతావో అని నేను ఆటోలోంచి తల బయట పెట్టాను. వెంట్రుకంతైనా వెనక్కి జారకుండా కదిలావు. హెల్మెట్టులోంచి నీ పళ్ళు కనిపించాయి. నవ్వుతున్నావు. ఆటో అతను, ఏంటి పెద్దాయనా, వెనక ఎవరైనా తరుముకొస్తున్నారా, అన్నాడు. అవును బాబూ, నా కూతురు, అన్నాను.

ఇంత సంతోషం ఇచ్చి, ఇంటికి వచ్చాక కాఫీ కలుపుతూ నువ్వు అన్న మాట నా ఒంట్లో ముల్లులా ఉండిపోయింది. సరదా తీరింది నాన్నా, పాసయ్యాను, అది చాలు, సోమవారం కంపెనీకి రానని చెప్పేస్తాను, రోజూ రోడ్డు మీద ఉండే ఉద్యోగం గండం ఉన్నదానికి ఎందుకు, దానికి తోడు ఆడపిల్ల ఉందాయె, అన్నావు. మీ అమ్మ కూడా ఫోనులో, లైసెన్సు దేవుడి గూట్లో పెట్టుకోవే, అదే పదివేలు, అంది. అల్లుడు గారు మాత్రం, నీ ఇష్టం పార్వతీ, నాకైతే భయం లేదు, అన్నారు. బంగారం లాంటి మనిషి.

రానని చెప్పకు తల్లీ. నీ మనసులో ఆ బెంగ ఉందనే, నిన్న నేను వచ్చేటప్పుడు పని గట్టుకుని హనుమాన్ జంక్షన్ మీదుగా చుట్టు తిరిగి వచ్చాను. అక్కడ మల్లెపందిరి వేసిన ఇంట్లో ఒక పెద్ద పంతులు గారు ఉన్నారు. నీ సంగతి చెప్పాను. ఆయన వేళ్ళ మీద లెక్క కట్టి, ఆడవాళ్ళకు వాహన గండం నలభై అయిదు దాటితే ఉండదయ్యా, అమ్మాయిని నిశ్చింతగా తిరగమను, అన్నారు. అంతటివారు చెప్పాక ఇంక సందేహమేముంది? సోమవారం సరేనని చెప్పు. ఆ ఊళ్ళవాళ్ళు బండి మీద వచ్చే ఆడమనిషిని చూసి మగ్గాలు ఆపి బయటికి రావాలి.

అల్లుడు గారికి, ప్రత్యూషకు నా దీవెనలు. రూతుకు మీ అమ్మ పెట్టిన మాగాయ పంపిస్తాను.

ఈల వేసి ఇంకా పెదవులు నొప్పి పుడుతున్న
మీ నాన్న,
ఆదిశేషయ్య.

తా.క.: సంతకం పెట్టి, కవరు అంటించడానికి జిగురు పూసి కూడా ఆగిపోయాను.

శివపార్వతీ, నేను జంక్షన్‌కు పోలేదు. పామర్రు మీద బస్సులో తిన్నగా ఇంటికి వచ్చాను. మల్లెపందిరి, పంతులు గారు, వేళ్ళ మీద లెక్క అన్నీ ఈ కాగితం మీద పుట్టినవే. పాత అబద్ధాన్ని మాన్పడానికి కొత్తది రాశాను. చదువుకుంటే ఎంత బాగా కుదిరిందో, అది చూసి నాకే భయం వేసింది.

నీకు గండం లేదు. ఎప్పుడూ లేదు. బందరు సిద్ధాంతి గారి గడప నేను తొక్కలేదు. అసలు నీకు జాతకమే లేదమ్మా. నువ్వు పుట్టినప్పుడు మన ఇంట్లో గడియారం లేదు. ఎన్ని గంటలకని మంత్రసానిని అడిగితే, మగ్గాలు ఆగిన వేళకి, అంది. ఆ వేళకు ఏ పంతులు జాతకం రాస్తాడు? నీ పెళ్ళి కూడా పేరు బలం చూసే చేశాం.

నీకు మోపెడ్ ఉద్యోగం వచ్చిన ఏడు నా కళ్ళకు పొర కమ్మడం మొదలైంది. పోగు తెగితే కనపడేది కాదు. ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా. పెద్ద అంచు చీరలు ఆదిశేషయ్యే నేయాలని ఊళ్ళో పేరు. నువ్వు ఇంట్లో ఉంటే నువ్వు నేస్తావు, ఆ పేరు నాకు నిలుస్తుంది. వెళ్ళిపోతే నాకు కళ్ళు కనపడవని నలుగురికీ తెలుస్తుంది. ఊరికే వద్దంటే ఎందుకని అడుగుతావు. గండం అంటే ఎవరూ ఏమీ అడగరు. అందుకని ఆ మాట అన్నాను. మూడేళ్ళు నువ్వు నేశావు, నా పేరు చెప్పుకున్నాను. నీ పెళ్ళయ్యాక కళ్ళకు ఆపరేషను చేయించుకున్నాను. చూపు వచ్చింది, నోరు మాత్రం రాలేదు.

నీకు కోపం వస్తే రానీ. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ, మాట్లాడకపోయినా నేను అడగను. ఆ కోపం నా మీద చూపించు, ఉద్యోగం మీద చూపించకు. సోమవారం సరేనని చెప్పు.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. నీ గండం కోసం ఇరవై అయిదేళ్ళుగా శనివారాలు ఒంటిపూట తింటోంది పిచ్చిది. చెబితే తిడుతుంది, ఏడుస్తుంది, మళ్ళీ అన్నం పెట్టేస్తుంది. ఆమె క్షమించేసిందంటే, ఇక నీకు చెప్పాల్సిన అవసరం లేదనిపిస్తుంది నాకు. నా సంగతి నాకు తెలుసు. అందుకే ముందు నీకు రాశాను.