పైన ఉండాల్సిన ఊచలు

తెనాలి,
జూన్ 9, 2025

మేస్త్రి వెంకటకృష్ణయ్యకు,

ముప్పై రెండేళ్ల తర్వాత నా దస్తూరి చూసి ఉలిక్కిపడి ఉంటావు. క్షేమం అడగడానికి రాయడం లేదు. బాపట్లలో మనం కట్టిన హాస్టలు గుర్తుందిగా? నువ్వు మేస్త్రివి, నేను ఇంజనీరుని. గోడ దాటి ముందుకు పొడుచుకొచ్చిన వరండా శ్లాబు సగం ఒక ఆదివారం కూలిపోయింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. నువ్వు ఇనుము మింగావని నివేదిక రాశాను. సర్కారు పని నీకు మళ్లీ దొరకలేదు, నిజమే. కానీ నువ్వు నలుగురిలో నిలబడి "నేనలాంటోణ్ణి కాదండి" అంటే సగం ఊరు నమ్మింది. మేస్త్రి పొట్ట కొట్టినవాడని నన్నన్నారు. ఆ మాట మోస్తూనే రిటైరయ్యాను.

ఇప్పుడు టేపు పట్టే పనే లేదు, ఫోను ఎత్తి చూపితే గది కొలతలు చెబుతోంది. ఎక్కడో ఒక యంత్రం గోరింటాకు కోను పిండినట్టు సిమెంటు పిండుతూ గోడలు లేపుతోందట. ఇవన్నీ చదివి చదివి విసుగొచ్చింది. ఒక్కటి మాత్రం నాకు పనికొచ్చేది వచ్చింది. అరచేతంత పెట్టె. శ్లాబు మీద దొర్లిస్తే లోపల ఇనుప ఊచలు ఎన్నున్నాయో, ఎంత లోతులో ఉన్నాయో తెర మీద చూపిస్తుంది. మిగిలిన సగం శ్లాబు, కింద అప్పుడే స్తంభాలు పెట్టించాం కనక, ఇంకా నిలిచే ఉంది. మరమ్మతు కోసం గురువారం దాన్ని పరీక్షిస్తారు. నేనూ వెళుతున్నాను. నీ దొంగతనం నా కళ్లతో చూస్తాను.

శ్రీరామచంద్రమూర్తి


తెనాలి,
జూన్ 13, 2025

వెంకటకృష్ణయ్య గారికి నమస్కారాలు.

నిన్న బాపట్ల వెళ్లాను. హరిత అనే ఇంజనీరు అమ్మాయి నిచ్చెనెక్కి ఆ పెట్టెను శ్లాబు అడుగున నడిపింది. నాకు కింద కుర్చీ వేశారు.

"ఎన్ని తక్కువున్నాయమ్మా?" అన్నాను.

"తక్కువేం లేవండి తాతగారూ, లెక్కకి సరిగ్గా ఉన్నాయి. కాకపోతే అన్నీ కిందే వేశారు. ఇలా ముందుకొచ్చిన శ్లాబు బరువుకి పైభాగంలోనే చీలుతుంది, ఊచలు పైన కదండీ ఉండాలి? ఏ మహానుభావుడు వేయించాడో!"

మహానుభావుడు కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. శ్లాబు పోసిన రోజు మీరు ఊచలు పైనే కట్టించారు. నేను గుంటూరు మీటింగు తొందరలో వచ్చి, సరిగా చూడకుండా, మామూలు శ్లాబే అనుకుని కిందికి దింపమన్నాను. "ఇక్కడ పైనుండాలేమోనండి సార్" అన్నారు మీరు. "ఇంజనీరింగు చదివింది నువ్వా, నేనా?" అన్నాను. కూలీలు నవ్వారు. మీరు తలవంచుకుని దింపించారు. కూలినప్పుడు నన్ను నేను కాపాడుకోవడానికి ఇనుము తక్కువన్న మాట కల్పించాను. ఏళ్ల తరబడి చెప్పి చెప్పి, చివరికి నేనే నమ్మాను. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, నన్ను నేను చదువుకోలేకపోయాను.

హరిత నివేదిక కిందే రాసి సంతకం పెట్టాను: ఊచలు దింపించింది నేను, మేస్త్రి వద్దన్నాడు, దొంగతనం జరగలేదు. "ఇన్నేళ్లయ్యాక ఇప్పుడెందుకండీ, పెన్షనుకి ఇబ్బందవుతుందేమో" అంది. ఇబ్బందైతే అవనీ అన్నాను. దాని నకలు దీంతో పంపుతున్నాను. మీ అమ్మాయి కావేరిని బళ్లో దొంగ మేస్త్రి కూతురని ఏడిపించేవారని అప్పట్లోనే విన్నాను. విని ఊరుకున్నాను. ముందు తనకి చూపించండి. మొన్నటి ఉత్తరం చించేయండి.

మీ ఊరొచ్చే రేపల్లె బండి రోజూ మా ఇంటి వెనక నుంచే పోతుంది. ఎక్కలేను. వస్తే మీరు కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, "పర్లేదులెండి సార్" అంటారు. ఆ మాట తట్టుకోలేను.

ఇట్లు,
శ్రీరామచంద్రమూర్తి